వాచీ ఎవరి చేతికి? టైము ఎవరి చేతిలో?

"ఇది మగపిల్లలు పెట్టుకునేదమ్మా. పాపకు ఇది బాగుంటది చూడండి" అంటూ కొత్తగూడెంలో ఒక షాపాయన నల్లటి డిజిటల్ వాచీని లోపలికి జరిపి, గులాబీ రంగు బెల్టు, చుట్టూ మెరిసే రాళ్ళు ఉన్న ఇంకో వాచీని మా ముందు పెట్టాడు. దానికి చీకట్లో చూసుకోవడానికి లైటు లేదు. అలారం లేదు. నీళ్ళు పడితే ఎట్లా అని అడిగితే "చేతులు కడిగేటప్పుడు తీసి పక్కన పెడితే సరి" అన్నాడు.

మా చెల్లెలి కూతురు గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతున్నది. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ శిక్షణకు ఎంపికైంది. వెంట తెచ్చుకోవలసిన వస్తువుల్లో బూట్లు, టార్చిలైటు, నీళ్ళ సీసాతోపాటు చేతి గడియారం కూడా రాశారు. దాని కోసమే జూలూరుపాడు నుంచి ఇద్దరం బస్సెక్కి పోయాం. పిల్ల ఆ గులాబీ వాచీని ముట్టుకోలేదు. "గుట్ట ఎక్కేది నేనే కదా పెద్దమ్మా, మరి ఆ నల్లది నాకెందుకు పనికిరాదు?" అని అడిగింది. షాపాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ ప్రశ్న అప్పటినుంచీ నా మనసులో తిరుగుతూనే ఉంది. స్త్రీల హక్కుల పత్రికలో వాచీల ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఒక వస్తువును ఎవరి కోసం తయారు చేశారు, ఎవరికి వద్దన్నారు, ఎవరి మెడకు చుట్టారు అని చూస్తే సమాజం మొత్తం అందులో కనిపిస్తుంది. వాచీ సంగతీ అంతే.

మన ఊళ్ళల్లో చేతి గడియారం మొదటినుంచీ మగవాడి హోదాకు గుర్తు. హెచ్.ఎం.టి. సంస్థ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. ఆ తర్వాత అల్లుడికి ఇచ్చే కట్నకానుకల్లో సైకిలు, రేడియోల పక్కన వాచీ కూడా చేరింది. పిల్లనిచ్చినవాళ్ళు వాచీ కొనివ్వాలి. ఆ పిల్ల మాత్రం కోడి కూతను బట్టి, నీడ పొడవును బట్టి టైము తెలుసుకోవాలి. కాస్త చదువుకున్న ఆడవాళ్ళ కోసం 'లేడీస్ వాచీ' వచ్చింది గానీ, అందులో ముళ్ళు ఎక్కడున్నాయో చూడాలంటే కళ్ళు చికిలించాలి. అది గాజుల పక్కన ఇంకో నగ మాత్రమే.

"ఏ ఆఫీసుకు పోవాలని నీకు వాచీ?" ఈ మాట వినని ఆడది మా చుట్టుపక్కల ఉండదేమో! నిజంగా టైముతో ఎక్కువ పని ఎవరికి? ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సీజన్ చూడండి. ఆడవాళ్ళు కోడి కూయకముందే లేచి, వంట చేసి, సద్ది కట్టుకుని చీకటి ఉండగానే అడవి బాట పడతారు. ఎండ ముదరకముందే ఆకు కోసి ఇంటికి మోసుకొచ్చి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. 1971లో చేసిన చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ అజమాయిషీ కిందికి వచ్చింది. కూలి లెక్క మాత్రం కట్టల మీదే సాగింది. ఆ కట్ట వెనక ఎన్ని గంటల నడక, ఎన్ని గంటల వంగుడు ఉన్నాయో కల్లేదారు పుస్తకంలో ఏ గడిలోనూ కనపడదు.

ఇంటి సంగతి వేరే చెప్పాలా? కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఇంటిపని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే మనకు దాదాపు అయిదు గంటలు, వాళ్ళకు గంటన్నర. తీరిక లేనిది మనకే. ఆ తీరిక ఎటు పోతున్నదో లెక్క చూపించే యంత్రం కూడా మన చేతికే లేదు. అందుకే ఆడవాళ్ళకు వాచీ కావాలి. అడవికి, గుట్టకు, పొలానికి పోయే ఆడవాళ్ళకు మరీ కావాలి.

అయితే ఎలాంటిది? ఇరవై పనులు, ముప్ఫై పనులు చేస్తుందని డబ్బా మీద రాసినదల్లా మనకు అక్కరకు రాదు. ముందు మన పని ఏమిటో చూసుకుని, తర్వాత వాచీ పని చూడాలి. ఆకుకు పోయే అక్కలకు, ఫారెస్టు బీట్ ఆఫీసర్లుగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలకు, గూడేలు తిరిగే ఆశా కార్యకర్తలకు, గుట్టలెక్కే విద్యార్థినులకు అవసరాలు ఒకటి కావు. అందరికీ పనికొచ్చేవి మాత్రం నాలుగైదు ఉన్నాయి.

మొదటిది వెలుతురు. ఒక్క మీట నొక్కితే అంకెలు కనపడాలి. రెండోది అలారం. అందులోనూ పెట్టిన గడువు కాగానే మోగి, మళ్ళీ తనంతట తానే మొదలయ్యే టైమరు ఉంటే మంచిది. మే నెల ఎండలో పనిచేసేవాళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి గ్లాసెడు నీళ్ళు తాగాలని వైద్యులు చెబుతారు. కొత్తగూడెం ఎండలు ఎట్లా ఉంటాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పనిలో పడితే నీళ్ళ సంగతి మరిచిపోతాం. ఆ మోత గుర్తు చేస్తుంది. ఇది ప్రాణానికి సంబంధించిన సౌకర్యం, సోకు కాదు.

మూడోది నీళ్ళకు తట్టుకోవడం. ఇక్కడ చాలామంది మోసపోతారు. వాచీ మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతు నీళ్ళలో దిగవచ్చని అర్థం కాదు. చేతులు కడిగినప్పుడు చిందే నీళ్ళకు, చిన్న వానకు తట్టుకుంటుందని మాత్రమే. వాగు దాటడానికి, ఈతకు కనీసం 50, నిశ్చింతగా ఉండాలంటే 100 మీటర్లు అని రాసినది తీసుకోవాలి. అయినా నీళ్ళలో ఉండగా మీటలు నొక్కకూడదు. వేడినీళ్ళు, సబ్బునీళ్ళు లోపలి రబ్బరు చుట్టును పాడు చేస్తాయి. బట్టలుతికే చేతులు మనవే కాబట్టి ఈ సంగతి ముఖ్యంగా మనమే గుర్తుంచుకోవాలి.

నాలుగోది బ్యాటరీ. రోజూ చార్జింగ్ పెట్టాల్సిన వాచీ కరెంటు పోయిన గూడెంలో వట్టి బిళ్ళ. కాసియో కంపెనీ 1989లో తెచ్చిన ఎఫ్-91డబ్ల్యూ అనే చవక రకం డిజిటల్ వాచీకి ఒక్క బ్యాటరీ సుమారు ఏడేళ్ళు వస్తుందని కంపెనీయే చెబుతుంది. అదే కంపెనీ 1983లో తెచ్చిన జి-షాక్ రకం పది మీటర్ల ఎత్తు నుంచి కిందపడినా పగలకూడదన్న లెక్కతో తయారైంది. అయితే ఇది మొదట్లో మగవాడి మణికట్టుకు తగ్గట్టు వచ్చిన దిట్టమైన వాచీ. గట్టితనం కావాలంటే బరువు మోయాలి, తేలిక కావాలంటే గట్టితనం వదులుకోవాలి అన్నట్టు ఎన్నో ఏళ్ళు ఆడవాళ్ళను నిలబెట్టారు.

కాబట్టి అయిదోది మన మణికట్టు. షాపులో వాచీ పెట్టుకుని చేతిని వెనక్కి వంచి చూడండి. రాయి పట్టుకున్నప్పుడు, కొడవలి పట్టుకున్నప్పుడు చెయ్యి అట్లాగే వంగుతుంది. పక్క మీట చేతి వెనక భాగానికి గుచ్చుకుంటే ఆ వాచీ మనకు సరిపోదు. బెల్టుకు చివరి రంధ్రం దాకా లాగినా వదులుగా ఉంటే అది వేరే చేతి కోసం తయారైందని అర్థం. రంధ్రం పొడిపించుకుని సర్దుకోవడం మనకు అలవాటే. సర్దుకోవద్దు, ఇంకోటి చూపించమని అడగండి.

ఇక ఎక్కువ ధర పెట్టే వాచీల సంగతి. ఎత్తు, గాలి ఒత్తిడి, దిక్కు ఈ మూడూ చూపించే వాచీలు కొండలెక్కేవాళ్ళు వాడతారు. ఇందులో ఎత్తు అనేది గాలి ఒత్తిడి నుంచి కట్టే లెక్క. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న చోట దాదాపు 8 మీటర్లు ఎక్కితే ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గుతుంది. బంగాళాఖాతంలో తుఫాను పుట్టి మన దగ్గర ఒత్తిడి పది మిల్లీబార్లు పడిపోయిందనుకోండి, ఇంట్లో మంచం మీద పడుకున్న మనిషి 80 మీటర్ల గుట్ట ఎక్కినట్టు వాచీ చెబుతుంది. అందుకే ఎత్తు తెలిసిన చోట దాన్ని సరిచేసుకుని బయలుదేరాలి. మరో మాట. రాత్రి ఒకేచోట మకాం ఉన్నప్పుడు ఎత్తు ఉన్నట్టుండి పెరిగినట్టు చూపిస్తే, వాతావరణం చెడబోతున్నదని గ్రహించాలి. ఉష్ణోగ్రత చూపించే వాచీ చేతికి ఉన్నంతసేపూ మన ఒంటి వేడినే కలిపి చెబుతుంది. విప్పి అరగంట పక్కన పెడితేనే గాలి వేడి తెలుస్తుంది.

కొత్త వాచీలు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో కూడా చెబుతాయి. అడుగున ఉన్న ఆకుపచ్చ లైటు చర్మం గుండా పోయి, రక్తం ప్రవాహాన్ని బట్టి లెక్క కడుతుంది. పచ్చబొట్టు ఉన్న చోట సిరా ఆ వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి లెక్క తప్పవచ్చు, అసలు రాకపోవచ్చు. ఈ సంగతిని 2015లో ఆపిల్ కంపెనీయే ఒప్పుకున్నది. మా కోయ గూడేల్లో, లంబాడా తండాల్లో ముసలమ్మల ముంజేతులు చూడండి. మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్లే. అరవై ఏళ్ళు అడవి తిరిగిన ఆ చేతికి ఈ వాచీ పెడితే "నాడి దొరకలేదు" అంటుంది! తయారుచేసిన వాళ్ళ బుద్ధిలో ఆ చెయ్యి ఎన్నడూ లేదు. యంత్రం ఎవరి పక్షమూ కాదంటారు. కానీ అది ఎవరిని కొలుస్తుంది, ఎవరిని వదిలేస్తుంది అన్నది దాన్ని తయారుచేసేవాళ్ళ చూపును బట్టే ఉంటుంది.

జీపీఎస్ గురించి ఒక అపోహ పోవాలి. అది ఉన్న వాచీ ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మనం ఎక్కడున్నామో మనకు చెబుతుంది. ఇందుకు ఫోను సిగ్నల్ అవసరం లేదు. దట్టమైన చెట్ల కింద కొన్ని మీటర్ల తేడా రావచ్చు, అంతే. కానీ మనం ఎక్కడున్నామో అది తనంతట తాను ఇతరులకు చెప్పదు. చెప్పాలంటే సిమ్ము, సిగ్నల్ ఉండాలి, లేదా ఉపగ్రహం ద్వారా సందేశం పంపే ఏర్పాటు ఉండాలి. అలా పంపే పరికరాలను టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాడితే కేసు అవుతుంది. 'ఆపదలో నొక్కే మీట' ఉందని నమ్మి సిగ్నల్ లేని అడవిలోకి ఒంటరిగా పోవడం ప్రమాదం. ఎటు పోతున్నామో, ఎప్పటికి వస్తామో తోటివాళ్ళకు చెప్పి పోయే పాత పద్ధతికి మించిన భద్రత ఇంకా రాలేదు.

ఇక్కడిదాకా మనం వాచీని చదివాం. వాచీ మనల్ని చదివితే?

చండీగఢ్, పంచకుల, నాగపూర్ నగరాల్లో మున్సిపల్ సఫాయి కార్మికుల చేతులకు జీపీఎస్ వాచీలు కట్టారు. కార్మికురాలు ఏ వీధిలో ఉంది, ఎంతసేపు నిలబడింది, ఎప్పుడు కదిలింది అన్నది ఆఫీసులో తెర మీద కనపడేది. మరుగుకు పోవాలన్నా ఎవరో చూస్తున్నట్టు భయంగా ఉందని ఆడవాళ్ళు మొత్తుకున్నారు. చేతికి చేతితొడుగు ఇవ్వని వ్యవస్థ వాచీ మాత్రం ఇచ్చింది! మన ఉపాధి హామీ పనుల దగ్గరా 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించే హాజరును దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని చోట పని చేసీ కూలి పోగొట్టుకున్న ఆడవాళ్ళు దేశమంతటా ఉన్నారు. పలుగు పట్టిన చేతికి రాని గుర్తింపు ఫోటో ఎక్కిన మొహానికి వచ్చింది.

కాపలా బయటివాళ్ళదే అనుకోవద్దు. "మీ అమ్మాయి ఎక్కడుందో క్షణక్షణం మీకు తెలుస్తుంది" అని వాచీల ప్రకటనలు వస్తున్నాయి. తండ్రి ఫోనులో, అన్న ఫోనులో, రేపు మొగుడి ఫోనులో ఆ పిల్ల ఒక చుక్కై కదలాలి. రక్షణ అనే మాట వెనక ఎన్ని కాపలాలు దాక్కుంటాయో మనకు తెలియనిది కాదు. ఆడపిల్ల తన ఇష్టంతో, తనకు నమ్మకమున్న వాళ్ళకు తాను ఎక్కడున్నదీ చెప్పడం వేరు. ఆమెకు తెలియకుండా, ఆపే వీలు లేకుండా చూస్తూ ఉండటం వేరు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తీర్పు చెప్పింది. ఆ హక్కు కూలికి పోయే ఆడదానికీ, హాస్టల్లో ఉండే పిల్లకూ వర్తిస్తుంది. యంత్రంలో మన నడక ఎంత బయటపడుతుందో చెప్పడానికి ఒక సంగతి చాలు. పరుగు, సైకిలు తొక్కడం నమోదు చేసే స్ట్రావా అనే యాప్ వాళ్ళు అందరి నడక దారులూ కలిపి ఒక పటం వేస్తే, అందులో సైనిక స్థావరాల లోపలి దారులు కూడా కనపడుతున్నాయని 2018 జనవరిలో బయటపడింది. సైన్యం దారే దాగనప్పుడు ఒంటరిగా ఉదయం నడకకు పోయే అమ్మాయి దారి దాగుతుందా?

అలాగని జీపీఎస్ మనకు శత్రువు అని నేననడం లేదు. అదే యంత్రం మన చేతిలో ఉంటే? పోడు భూముల హద్దులు కొలవడానికి వచ్చినప్పుడు యంత్రం ఎప్పుడూ కొలిచేవాళ్ళ చేతిలోనే ఉండేది. అది ఎంత చెబితే అంత. కానీ 2006 అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక సాధనాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండాలి తప్ప వాటి స్థానంలో రాకూడదని చెబుతున్నాయి. పెద్దవాళ్ళ వాంగ్మూలం, బావి, సమాధులు, పాత ఇంటి గుర్తులు కూడా సాక్ష్యాలే. పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరిటా ఇవ్వాలని ఆ చట్టమే చెబుతున్నది. అటవీ హక్కుల కమిటీలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. మరి ఆ ఆడవాళ్ళలో ఒకరు జీపీఎస్ వాచీ పెట్టుకుని తమ చేను చుట్టూ తామే నడిచి ఆ నడకను దాచిపెట్టుకుంటే, గ్రామసభలో రెండో లెక్క కూడా ఉంటుంది. ఒక్కరికి కొనే స్తోమత లేకపోవచ్చు. సంఘానికి ఒకటి కొనుక్కోలేమా?

పిల్లల సంగతికి వస్తాను. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, మన ఉమ్మడి ఖమ్మం జిల్లా చర్ల మండలం నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన ఆడవాళ్ళందరిలోకీ చిన్నది. 2022 జూన్‌లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలనూ ఎక్కడం పూర్తి చేసింది. ఆ పిల్లలను శిఖరానికి చేర్చింది ఖరీదైన వాచీ కాదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువు, భువనగిరి గుట్ట మీద, డార్జిలింగులో, లడఖ్‌లో పొందిన శిక్షణ, ప్రభుత్వం పెట్టిన ఖర్చు, అన్నింటికీ మించి "నువ్వు ఎక్కగలవు" అన్న మాట. ఆ మాట చెప్పాల్సిన చోట గులాబీ వాచీ చూపిస్తున్నారు. అసలు పోరాటం దాని మీదే.

అందుకే నా అభిప్రాయం ఇది. శిక్షణకు పోయే పిల్లలకు బూట్లు, వాచీ, టార్చి వంటివి ఆ శిక్షణ ఇచ్చేవాళ్ళే సమకూర్చాలి. తల్లి ఆకు కట్టల డబ్బులతో కొనమనడం అన్యాయం. ఎత్తు, దిక్కు చూపించే ఖరీదైన వాచీ బృందానికి ఒకటో రెండో ఉంటే చాలు, అయితే అవి మగపిల్లల చేతికే పోకుండా వంతుల వారీగా ఆడపిల్లలకూ వాడటం నేర్పాలి. ఉద్యోగినుల, కూలీల చేతికి ఏ యంత్రం కట్టినా అది ఏమి నమోదు చేస్తుందో తెలుగులో రాసివ్వాలి. పని గంటలు అయిపోగానే ఆపుకునే హక్కు ఉండాలి. ఆ లెక్క కార్మికురాలికి కూడా చూపించాలి. తునికాకు కూలి నిర్ణయించేటప్పుడు కట్టలతోపాటు గంటలనూ లెక్కలోకి తీసుకోవాలి.

మేం ఆ రోజు చివరికి ఇంకో షాపులో చవక రకం నల్ల వాచీయే కొన్నాం. లైటు, అలారం, స్టాప్‌వాచీ, టైమరు, 100 మీటర్ల గుర్తు. జీపీఎస్ లేదు, గుండె లెక్క లేదు. మిగిలిన డబ్బులు బూట్లకు పెట్టాం. ఇంటికొచ్చిన రాత్రే ఆ పిల్ల స్టాప్‌వాచీ నొక్కి వాళ్ళమ్మ వెనకే తిరిగింది. నీళ్ళు, పొయ్యి, అంట్లు, బర్రె, మళ్ళీ పొయ్యి. పడుకునే ముందు అంకెలు చదివి వినిపించింది. వాళ్ళ నాన్న "గిది నిజమేనా?" అన్నాడు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నది.

పాఠకులకు నా మనవి ఒకటే. వాచీ లేనివాళ్ళు ఫోనులోనైనా చూసి, ఒక వారం రోజులు మీ పనిగంటలు రాయండి. అడవిలో ఎన్ని, పొలంలో ఎన్ని, ఇంట్లో ఎన్ని, మీ కోసం ఎన్ని. ఆ కాగితాలు పట్టుకుని వచ్చే సంఘం సమావేశానికి రండి. మన టైము లెక్క మనం రాసుకోకపోతే, దాన్ని వేరేవాళ్ళు రాస్తారు. వాళ్ళు రాసిన లెక్కలో మనకు ఎప్పుడూ తక్కువే వచ్చింది.